ఓడుతున్న జట్టుకు మేస్త్రి



ఇది భార్యాభర్తలము మేమిద్దరమూ కలిసి వ్రాస్తున్న మాట. ఒకరు చెబుతుంటే ఒకరు వ్రాశాము. ఒకరు మరచిపోయినది మరొకరు గుర్తు చేశాము. మాది బొబ్బిలికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరములో ఉన్న పల్లె. రెండెకరముల మెట్ట, అరెకరము పల్లము, ఒక పాడిగేదె ఉన్నాయి. దేవుడు మాకు ఇద్దరు మగబిడ్డలనిచ్చాడు. పెద్దవాడు హైదరాబాదులో సెంట్రింగ్ మేస్త్రి. చిన్నవాడు ఈ సంగతి జరిగిన నాటికి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు.

మేము వ్రాయబోయేది ఒక ఫుట్‌బాల్ జట్టును గూర్చి. పల్లెటూరి వాళ్ళకు ఫుట్‌బాల్ సంగతులెందుకని మీకనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఆ ఆట మా ఇంటి నట్టింట్లోకి వచ్చి కూర్చున్నది. మా తప్పును మాకు చూపించింది. అందుచేత వ్రాయక తప్పలేదు.

మా ప్రాంతములో ఆటలంటే కబడ్డీ, వాలీబాల్, బరువులెత్తడము. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో కాంస్య పతకము గెలిచినప్పుడు మా ఊరంతా మన పిల్లే గెలిచిందని చెప్పుకొన్నది. ఫుట్‌బాల్ మాత్రము మాకెవరికీ తెలియదు. దానిని మా ఇంటికి తెచ్చినవాడు మా పెద్దవాడే. 2022 చివరలో తమ్ముడిని హైదరాబాదు పిలిపించుకొని, గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియములో హైదరాబాద్ ఎఫ్.సి. జట్టు ఆట చూపించాడు. చిన్నవాడు పసుపు రంగు చొక్కా ఒకటి కొనుక్కొని తిరిగి వచ్చాడు. ఆ రోజు మొదలుకొని మా ఇంట్లో ఆ జట్టు ఆట ఉన్న సాయంత్రము ఫోను వాడిదే.

ఆ జట్టు కథ వాడు చెప్పగా చెప్పగా మాకూ కంఠస్థమైంది. అది 2019లో పుట్టింది. మొదటి ఏడాది పద్దెనిమిది ఆటలలో రెండే గెలిచి అందరికన్నా అడుగున నిలిచింది. ఆంగ్లేయుడైన కోచ్‌ను ఏడాది నడుమనే తీసివేశారు. తరువాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశస్థుడు వచ్చి, మన దేశపు కుర్రవాళ్ళను నమ్మి, జట్టును నిలబెట్టాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనలులో ఆట 1-1గా ముగిస్తే, పెనాల్టీలలో గోలు కాపరి కట్టిమణి మూడు బంతులను ఆపాడు. హైదరాబాదు కప్పు ఎత్తింది. మరుసటి ఏడాది పట్టికలో రెండవ స్థానములో నిలిచింది.

ఆ తరువాత 2023లో ఆ స్పెయిన్ కోచ్ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. గోళ్ళు రాలినట్లు పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరూ జారిపోయారు. ఆ స్థలములోనికి థాంగ్‌బోయి సింగ్టో అనే మన దేశస్థుణ్ణి తెచ్చారు. ఈశాన్య రాష్ట్రములలో షిల్లాంగ్ లజోంగ్ జట్టును కొన్నేళ్ళు నడిపినవాడు, పిల్లలకు ఆట నేర్పడములో పేరున్నవాడు. ఫుట్‌బాల్ జట్టుకు ఇటువంటి పెద్దను కొన్ని దేశములలో మేనేజరంటారట, మన దేశములో కోచ్ అంటారు. మా ఇంటి భాషలో మాత్రము మేము మేస్త్రి అన్నాము. పది మందిని పనిలోకి దింపి, పని బాగుంటే వారి పేరు, చెడితే తన పేరు చెప్పించుకొనేవాడు మేస్త్రి గదా.

2023 సెప్టెంబరులో పోటీలు మొదలైనాయి. జట్టు ఓడింది. మరల ఓడింది. ఒకటి రెండు సమము చేసుకొని మరల ఓడింది. క్రిస్మసు వచ్చినది గాని ఒక్క గెలుపు రాలేదు. చిన్నవాడు ఫోనును మంచము మీద గిరాటు పెట్టి, "ఈ కోచ్‌ని తీసేస్తే గాని బాగుపడదు నాన్నా. ఈయనకేటీ తెలీదు" అనేవాడు. ఆట గూర్చి ఓనమాలు తెలియని మేము కూడా "నిజమేరా, పెద్ద సరిగా లేకపోతే ఇంతే" అని వంత పాడేవాళ్ళము. ఎప్పుడూ చూడని మనిషిని, మా పాత నులకమంచము మీద కూర్చొని, ఉద్యోగములోనుండి తీసివేశాము.

ఇక మా పెద్దవాడి సంగతి. మా వైపు నుండి పనుల కోసము వలస పోని ఇల్లు అరుదు. చుట్టుప్రక్కల జూట్ మిల్లులు ఒకటొకటిగా మూతబడిన తరువాత అది మరీ ఎక్కువైంది. వాడు పదేళ్ళు కూలిగా పనిచేసి, 2023లో మొదటిసారి సొంతగా మేస్త్రి అయ్యాడు. ఆగస్టులో వరి నాట్లు అయిన తరువాత మా ఊరినుండే తొమ్మిది మంది కుర్రవాళ్ళను తీసుకొని వెళ్ళాడు. బయలుదేరే ముందు సంఘములో ప్రార్థన చేయించాము. ఆ తల్లిదండ్రులందరూ మా అరుగు మీద కూర్చొని, "బావూ, మీ వాడి చేతిలో పెడుతున్నాం" అన్నారు. ఆ మాటకు మా గుండె ఎంత పొంగినదో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

దసరా వరకు డబ్బులు సక్రమముగా వచ్చాయి. తరువాత ఆగిపోయాయి. నవంబరులో లేదు, డిసెంబరులో లేదు. క్రిస్మసుకు కొత్త బట్టలు కొనుక్కోలేని ఇళ్ళు మా వీధిలోనే నాలుగు. ఆరాధన అయి బయటికి వస్తుంటే పొరుగింటి ఆమె కొంగు నోటికడ్డము పెట్టుకొని, "అప్పా, మా గుంటడు ఎల్లి నాలుగు నెల్లయింది. రెండు నెల్లయి పైసా లేదు. మీ పెద్దోడేటి సేత్తన్నాడో ఓపాలి అడగవా" అన్నది. ఆమె మాటలో కోపము లేదు. అది ఇంకా భారమైంది. ఆ సాయంత్రమే ఒక పెద్దాయన అరుగు మీద కూర్చొని చుట్ట వెలిగించుకొని, "మేస్త్రి అన్నోడు ముందు తను తిని మిగిలింది కూలోళ్ళకి పెడతాడు. లోకంలో ఉన్నదే గదా" అని వెళ్ళిపోయాడు.

మేము రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడవ రాత్రి ఫోను చేశాము. వాడు ఎప్పటివలెనే "వచ్చే వారం వచ్చేస్తాయి నాన్నా" అన్నాడు. అప్పుడు మాలో ఒకరము అడిగాము, రెండవవారము ప్రక్కనే ఉండి ఆపలేదు గనుక ఇద్దరమూ అడిగినట్లే. "నిజము చెప్పు. ఆ పిల్లల డబ్బులు నువ్వు వాడుకున్నావా?" అని.

అవతల చాలాసేపు మాట లేదు. వెనుక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది. తరువాత వాడు, "మీరు కూడానా?" అన్నాడు. అంతే. ఫోను పెట్టేశాడు.

ఆ తరువాత పందొమ్మిది దినములు వాడినుండి ఫోను రాలేదు. మేము చేస్తే ఎత్తలేదు.

సంక్రాంతి వచ్చింది. పండుగ సెలవులకు మా సంఘములోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరములో ఉంటున్నవాడు, ఊరికి వచ్చి మా ఇంట్లో కాఫీ త్రాగాడు. చిన్నవాడు ఆయనతో కూడా తన జట్టు గోడు చెప్పుకొన్నాడు. "మాస్టారూ, వరసగా ఓడిపోతుంటే కోచ్‌ని తీసేయాలా వద్దా?" అని అడిగాడు. ఆయన నవ్వి, "హైదరాబాదు ఫుట్‌బాల్ అంటున్నావు, రహీమ్ గారి పేరు విన్నావా?" అన్నాడు. వాడు వినలేదు. మేమూ వినలేదు.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు మొదట బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పి, బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరసగా ఐదేళ్ళు గెలిపించారు. అటువంటి ఆయన చేతి క్రింద మన దేశపు జట్టు 1952లో హెల్సింకీ ఒలింపిక్సుకు వెళ్ళింది. ఆ చలిలో మన వాళ్ళలో చాలామంది ఉత్తి కాళ్ళతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. "పది గోళ్ళురా అబ్బాయీ," అన్నాడు మాస్టారు, "ఆ రోజే ఆయనను ఇక చాలు పొమ్మని ఉంటే తరువాతిది ఏదీ లేదు."

ఆ తరువాతిది కూడా చెప్పాడు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆయన జట్టు నాల్గవ స్థానములో నిలిచింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. అప్పటికే రహీమ్ గారి దేహములో క్యాన్సరు ఉంది. జట్టులో జర్నయిల్ సింగ్ అనే వెనుక వరుస ఆటగాడికి తల పగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ గారు అతనిని ఇంటికి పంపలేదు, వెనుక వరుస నుండి ముందు వరుసకు మార్చారు. సెప్టెంబరు 4న ఫైనలులో మరల ఆ దక్షిణ కొరియాయే ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ కుట్ల తల జర్నయిల్ సింగ్ ఒక గోలు కొట్టారు. 2-1తో మన దేశము బంగారు పతకము గెలిచింది. మన సికింద్రాబాదు వాడు తులసీదాస్ బలరామ్ కూడా ఆ జట్టులోనివాడే. మరుసటి ఏడాది, 1963 జూన్ 11న, రహీమ్ గారు కన్ను మూశారు. ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకము ఆ తరువాత మన దేశానికి మరల రాలేదు.

చిన్నవాడు నోరు తెరచుకొని విన్నాడు. మాలో ఒకరము మాత్రము, "అయితే మాస్టారూ, పెద్దలను ఎప్పుడూ ఏమీ అనకూడదంటారా? తప్పు చేసినా?" అని అడిగాము. మా మనస్సులో ఉన్నది ఫుట్‌బాల్ కాదు.

"అలా అనలేదమ్మా," అన్నాడు ఆయన. "మా విజయనగరము సంగతే చెబుతాను. 1936లో మన క్రికెట్ జట్టు ఇంగ్లండు వెళ్ళింది. విజయనగరం రాజకుమారుడు, అందరూ విజ్జీ అనేవారు, ఆయన కెప్టెన్. ఆటను బట్టి కాదు, హోదాను బట్టి వచ్చిన పదవి. మూడు టెస్టులలో తాను మొత్తము చేసిన పరుగులు ముప్పై మూడు. లాలా అమర్‌నాథ్ వంటి మేటి ఆటగాణ్ణి టెస్టులు మొదలు కాకముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. మూడింటిలో రెండు ఓడిపోయి వచ్చారు. అటువంటి పెద్దను అడగాలి. అడగకపోవడమే తప్పు. కాని అడిగే ముందు ఒకటి చూడాలి. పని చెడినప్పుడు ఆ పెద్ద ఎక్కడ ఉన్నాడు? మంచి చోటు తనకు ఉంచుకొని కష్టము ఇతరుల మీద పెట్టాడా? లేక అందరూ వెళ్ళిపోయిన తరువాత కూడా మిగిలిన నలుగురితో బురదలో నిలబడి ఉన్నాడా? ఓటమి రెండు చోట్లా ఒకేలా కనబడుతుంది. పెద్ద మాత్రము ఒకడు కాదు."

ఆయన వెళ్ళిన తరువాత కొద్ది దినములకు చిన్నవాడు ఫోనులో ఏదో చదివి నిశ్శబ్దముగా కూర్చున్నాడు. ఏమిటని అడిగితే చెప్పాడు. ఆ జట్టు ఆటగాళ్ళకు జీతములు సరిగా ఇవ్వలేదట. పాత బాకీల కారణముగా కొత్త ఆటగాళ్ళను చేర్చుకోకుండా నిషేధము కూడా పడిందట. విదేశీ ఆటగాళ్ళు ఒక్కరు తప్ప అందరూ జనవరిలో వెళ్ళిపోయారట. మన దేశస్థులలో కూడా పేరున్నవారు కొందరు వేరే జట్లకు మారిపోయారట. మిగిలినది కుర్రకారు. ఆ కుర్రకారుతో సింగ్టో ప్రతి వారమూ విదేశీయులున్న నిండు జట్ల ఎదుట నిలబడుతున్నాడు.

"ఆ కోచ్ ఏటి చేస్తాడమ్మా మరి," అన్నాడు వాడు, ఒక్కసారిగా మెత్తబడి. "జీతాలియ్యంది యజమాని. వెళ్ళిపోయింది పెద్దాటగాళ్ళు. తిట్లు మాత్రం ఈయనకి."

మేము ఒకరి ముఖము ఒకరము చూసుకొన్నాము. వాడు ఫుట్‌బాల్ మాటే మాట్లాడుతున్నాడు. మాకు మాత్రము వెనుక గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది.

వారము తిరగకుండా గేదెను పొరుగింటి ఆమెకే అప్పగించి, బొబ్బిలిలో నాగావళి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. రైలులో రాత్రంతా కూర్చొనే ఉన్నాము. నిర్గమకాండము పదిహేడవ అధ్యాయము మేము చిన్ననాటినుండి ఆదివారపు బడిలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆ రాత్రి అది క్రొత్తగా జ్ఞాపకము వచ్చింది. ఆ అధ్యాయము మొదట్లో నీళ్ళు లేక జనులు మోషే మీద సణుగుతారు. కొంచెముంటే నన్ను రాళ్ళతో కొడతారని మోషే దేవునికి మొరపెడతాడు. నీళ్ళు ఎండిపోయినది మోషే వలన కాదు, ఆ ఎడారిలో తానూ దప్పికతోనే ఉన్నాడు. అదే అధ్యాయము చివరను యుద్ధము జరుగుతుంది. మోషే చేతులు బరువెక్కుతాయి. అప్పుడు అహరోను, హూరు ఒక రాయి తెచ్చి ఆయనను దాని మీద కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల నిలిచి చేతులు పట్టుకొంటారు. ఒకే అధ్యాయములో రాయికి రెండు పనులు. ఒకటి పెద్దను కొట్టడానికి, ఒకటి పెద్దను కూర్చోబెట్టడానికి. మేము మా బిడ్డకు ఏ రాయి తీసుకొని వెళ్ళాము? ఫోనులో మొదటిది విసిరాము. రెండవది తీసుకొని వెళ్ళుచున్నామా అని ఒకరినొకరము అడుగుకొన్నాము.

వాళ్ళు ఉంటున్నది కట్టడము ప్రక్కనున్న రేకుల షెడ్డు. మేము వెళ్ళేసరికి వంట అవుతున్నది. వాడు మమ్మును చూచి లేచి నిలబడ్డాడు గాని దగ్గరకు రాలేదు. గడ్డము పెరిగింది. మనిషి సగమైపోయాడు. తొమ్మిది మందికీ అన్నము పెట్టి, చివరను గిన్నె అడుగున ఉన్నదానిలో చారు పోసుకొని తాను తిన్నాడు. మేము వచ్చామని అలా చేయలేదు. ఆ కుర్రవాళ్ళు ఎవరూ ఆశ్చర్యపడకపోవడమును బట్టి అది ప్రతి రోజూ జరిగేదే అని తెలిసింది.

అన్నములైన తరువాత వాడే ఒక నోటు పుస్తకము తెచ్చి మా ముందు పెట్టాడు. తొమ్మిది మంది, అరవై పనిదినములు, దినమునకు ఏడు వందలు. మొత్తము మూడు లక్షల డెబ్బయి ఎనిమిది వేలు. ఏ రోజు ఎవరు పనిలోకి దిగారు, ఎవరికి జ్వరము, ఎవరికి ఎంత అడ్వాన్సు, అన్నీ ఉన్నాయి. పని ఇచ్చినవాడు దసరా తరువాత డబ్బులు ఆపేశాడు. ఇదిగో అదిగో అని త్రిప్పుతున్నాడు. కాగితము మీద వ్రాతకోతలు ఏవీ లేవు, అంతా నోటి మాటే. బియ్యమునకు, గ్యాసుకు మా కోడలి చెవి కమ్మలు, గొలుసు తాకట్టు పెట్టి నలభై రెండు వేలు తెచ్చాడు. ఆమె పుట్టింట్లో ఉండి కూడా మాతో ఆ మాట అనలేదు.

అప్పుడు ఆ కుర్రవాళ్ళలో ఒకడు, పొరుగింటి ఆమె కొడుకే, తల వంచుకొని, "మావయ్యా, అన్న అబద్ధమాడాడు. తినలేదు" అన్నాడు.

ఆ మాట తీర్పు వంటిది. రెండు ముక్కలూ నిజమే. వాడు తినలేదు. కాని అబద్ధమాడాడు. ప్రతి వారమూ ఆ తల్లిదండ్రులకు "వచ్చే వారం" అన్నాడు. కుర్రవాళ్ళను కూడా అలాగే చెప్పమన్నాడు. మొదటిసారి మేస్త్రి అయినవాడు, పని చెడిందని ఊరికి చెప్పుకోలేక సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు వలన మేమందరమూ వాడి చేతులు పట్టుకొనే అవకాశమే లేకపోయింది. చేతులు బరువెక్కినాయని మోషే దాచిపెట్టి ఉంటే అహరోను రాయి తెచ్చేవాడు కాదు గదా.

మేము ముందుగా క్షమాపణ అడిగాము. తల్లిదండ్రులము బిడ్డను క్షమించమని అడగడము మా వంశములో అలవాటు లేదు. మాటలు సరిగా రాలేదు. వాడు ఏమీ అనలేదు, పుస్తకము మూసి దాని మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు. తరువాత మేము, "నీ తప్పు కూడా ఉంది. అది ఇప్పుడు దిద్దుకోవాలి" అన్నాము. ఆ రాత్రే తొమ్మిది ఇళ్ళకూ ఫోను చేయించాము. స్పీకరు పెట్టి, ఆ ఇంటి కుర్రవాడిని ప్రక్కన కూర్చోబెట్టి, జరిగినది జరిగినట్లు చెప్పించాము. కొందరు ఏడ్చారు. ఇద్దరు తిట్టారు. ఒకాయన, "ఇదే మాట కార్తీకంలో చెప్పుంటే వడ్డీకి తెచ్చేవోడిని కాదు గదా బావూ" అన్నాడు. దానికి మా వద్ద జవాబు లేదు. పొరుగింటి ఆమె మాత్రము, "మీ గేదె పాలిత్తంది అప్పా, బెంగెట్టుకోకండి" అని ఫోను పెట్టేసింది.

ఇద్దరు కుర్రవాళ్ళు మాతో ఇంటికి వచ్చేశారు. ఏడుగురు ఉండిపోయారు. వారిని తీసుకొని పెద్దవాడు వేరొక చోట పని మొదలుపెట్టాడు. ఈసారి వారము వారము లెక్క, కాగితము మీద సంతకము. పాత బాకీలో ఆ వేసవిలో రెండు లక్షలు వసూలైంది, మిగిలినది రాలేదు. వాడు తన బండి అమ్మి, తన కూలిలోనుండి కొంత కొంత తీసి ఆ ఇళ్ళకు ఇస్తున్నాడు. ఇంకా కొంత మిగిలే ఉంది. ఒక ఇంటివారు మాతో నేటికీ మాట్లాడరు. మేము వారిని తప్పు పట్టము.

ఆ జట్టు సంగతి కూడా ముగించాలి. 2024 మార్చి 9న, శనివారము సాయంత్రము, చిన్నవాడు అరుస్తూ పరుగెత్తుకొని వచ్చాడు. చెన్నయిన్ జట్టును 1-0తో గెలిచారట. ఆ ఏడాదికి అదే మొదటి గెలుపు. వెంటనే అన్నకు ఫోను చేసి, "అన్నయ్యా, మనోళ్ళు గెలిచార్రా!" అన్నాడు. అవతల షెడ్డులో ఏడుగురి కేకలు మాకు వినబడినాయి. అది మొదటి గెలుపే కాదు, చివరిది కూడా. ఇరవై రెండు ఆటలలో ఒక గెలుపు, ఐదు సమములు, పదహారు ఓటములు, ఎనిమిది పాయింట్లు. పన్నెండు జట్లలో అడుగున నిలిచారు. అటుపిమ్మట యజమానులు మారారు. ఓటములు మాత్రము మారలేదు. 2024 డిసెంబరులో సింగ్టోను తీసివేశారు. 2025లో ఆ జట్టే పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. పసుపు చొక్కా ఇంకా మా ఇంట్లో ఉంది. చిన్నవాడు పొలము పనికి వేసుకొంటున్నాడు.

దీనిలో గొప్ప జయము ఏదీ లేదని మీరనవచ్చు. నిజమే. రహీమ్ గారికి దొరికిన బంగారు పతకము అందరికీ దొరకదు. మంచి మేస్త్రిని ఉంచుకొన్నంత మాత్రాన ప్రతి జట్టూ గెలవదు. సింగ్టో ఆ ఏడాది చేసిన ఎంపికలన్నీ సరియైనవని కూడా మేము చెప్పలేము, ఆట తెలియనివాళ్ళము. కాని ఒకటి నేర్చుకొన్నాము. ఓటమిని చూచి మనిషిని తూచకూడదు. ఆ ఓటమిలో అతడు ఎక్కడ నిలబడి ఉన్నాడో చూచి తూచాలి. చూడడానికి దగ్గరకు వెళ్ళాలి. నులకమంచము మీద కూర్చొని చూస్తే కనబడదు. అడగవలసినది అడగాలి. లెక్క అడగడము పాపము కాదు. మేము మొదటనే రైలెక్కి వెళ్ళి, "లెక్క చూపించు నాయనా, మేము నీ ప్రక్కన కూర్చుంటాము" అని ఉంటే ఆ పందొమ్మిది దినములు మాకు ఉండేవి కావు.

ప్రియమైన పాఠకులారా, మీ ఇంట్లోనో, సంఘములోనో, స్వయం సహాయక సంఘములోనో, వలస వెళ్ళిన మీ బిడ్డల పనిలోనో ఇటువంటి మేస్త్రి ఒకరుండవచ్చు. డబ్బు లేక, మనుషులు లేక, వరసగా ఓడిపోతున్నవారు. వారి మీద మీకు అనుమానము కూడా ఉండవచ్చు. ఈ మాసము మీ కుటుంబ ప్రార్థనలో వారిని పేరు పెట్టి జ్ఞాపకము చేసుకొనండి. తరువాత లేచి వారి దగ్గరకు వెళ్ళండి. చేతిలో రాయి ఉంటే ఉండనివ్వండి. దానిని వారు కూర్చోవడానికి వేయండి.

మా పెద్దవాడు ఇప్పుడు ప్రతి ఆదివారము ఫోను చేస్తున్నాడు. మాట ముగించే ముందు ఆ వారము ఎవరికి ఎంత ఇచ్చాడో చెబుతాడు, మేము అడగకుండానే. మేము ఇక్కడ ఒక పుస్తకములో వ్రాసుకొంటాము. "మీరు కూడానా" అన్న ఆ మాట వాడు మరల ఎత్తలేదు. మేము మాత్రము మరచిపోలేదు, మరచిపోవాలని కోరుకోవడము కూడా లేదు.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక.